కడిగి తెచ్చిన బండి

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. ఓటరు చీటీ మీద తప్ప అది ఎక్కడా కనపడదు. చుట్టుపక్కల అందరికీ ఆమె తలంటక్క. కన్న కూతురు కూడా ఫోనులో తల్లి నంబరుకు ఆ పేరే పెట్టుకుంది.

పనే ఆమెకు పేరయింది. మంచం దిగలేనివాళ్లకు, నడుము లేవనివాళ్లకు, ఆపరేషనై పడుకున్నవాళ్లకు ఇంటికి వెళ్లి తలస్నానం చేయించడం ఆమె పని. ఒంటి స్నానమంటే తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. తల దగ్గరికి వచ్చేసరికి అందరూ వెనకాడతారు. పక్క తడుస్తుంది, మెడ పట్టు తప్పుతుంది, చెవుల్లోకి నీళ్లు పోతాయి. వారాలు నెలలవుతాయి. జుట్టు అట్టకడుతుంది. దురద పెడుతోందని నోరు తెరిచి చెప్పుకోలేక ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుంటుంది. అలాంటి ఇంటి ముందు తలంటక్క వ్యాను వచ్చి ఆగుతుంది.

అది ఒకప్పుడు ఊళ్లు తిరిగే సరదా ఉన్నవాళ్లు కొనుక్కున్న క్యాంపర్ వ్యాను. లోపలే వండుకుని లోపలే పడుకునే ఏర్పాటు. ఎదర ముక్కు గుండ్రంగా ఉంటుంది, ఇంజను వెనకాల ఉంటుంది. పడక తీయించేసి ఆ చోట తల వెనక్కి వాల్చే కుర్చీ ఒకటి పెట్టించుకుంది. చిన్న గ్యాసు పొయ్యి అలాగే ఉంచింది, నీళ్లు కాగేది దాని మీదే. డ్రైవరు సీటు వెనకాల ఎనభై లీటర్ల నీళ్ల తొట్టి. కుర్చీలోకి రాగలిగినవాళ్లకు వ్యానులోనే స్నానం. రాలేనివాళ్ల కోసం కిటికీలోంచి పొడవాటి రబ్బరు గొట్టం ఇంట్లోకి పాకుతుంది. గాలి ఊదిన పళ్లెం మెడ కింద సర్ది, నీళ్లు తన మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుని, "కళ్లు మూసుకోండి, మీ తల బరువంతా నా చేతిలో వదిలేయండి" అంటుంది. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని పెద్దాయన ఒకరు మొదటి చెంబు నీళ్లు పడగానే "హమ్మయ్య" అన్నాడు. ఆ మాట విని గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఈ పని ఆమెకు ఎవరూ బడిలో నేర్పలేదు. తల్లి ఆఖరి ఏడాదంతా మంచం మీదే గడిపినప్పుడు తలంటక్క ఆసుపత్రిలో బట్టలుతికే గదిలో పనిచేసేది. పగలంతా దుప్పట్లు, రాత్రంతా తల్లి. ఒక ఆదివారం పక్కింటావిడ, అంతవరకూ ముక్తసరి పలకరింపే తప్ప చనువు లేని మనిషి, చేతిలో బేసిను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మీ అమ్మకు నేను తల కడుగుతా. నువ్వు కాసేపు నడుం వాల్చు" అంది. తలంటక్క గంటసేపు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి తల్లి జుట్టు దిండు మీద దూదిలా విరిసి ఉంది. ఆ తల్లి ముఖం ఎంత తేలిగ్గా ఉందంటే, దేవుడు ఆ బేసినులో చేయి పెట్టి వెళ్లాడని తలంటక్క ఈనాటికీ నమ్ముతుంది. బట్టల గది నుంచి రిటైరయ్యాక చేతికొచ్చిన దానితో అందరూ బంగారం కొనుక్కోమన్నారు. ఆమె ఈ పాత వ్యాను కొంది.

భర్త వడ్రంగి. మోకాళ్లు అరిగి పెద్ద పనులు మానేశాడు గానీ నోరు మాత్రం అరగలేదు. "నేను చెక్కను నున్నగా చేస్తా, మా ఆవిడ తలకాయల్ని నున్నగా చేస్తుంది. ఎవరి రంపం వాళ్లది" అంటాడు. మొదట్లో తొట్టి వ్యాను వెనక అలమార మీద ఉండేది. ఆవిడ పీటెక్కి బిందెలెత్తి పోయడం చూడలేక ఈ వేసవిలో దాన్ని కిందికి దించి సీటు వెనకాల కొత్త చెక్క మీద కూర్చోబెట్టాడు. ఇప్పుడు వీధి కొళాయి గొట్టం పెడితే చాలు, తొట్టి దానంతటదే నిండుతుంది. మొదటి రోజు ఆవిడ నీళ్లు నిండుతున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి, "రాణీగారిలా ఉందండీ నాకు" అంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం వ్యాను రోడ్డు మీద పెద్ద ఎత్తు ఎక్కుతోంది. ఎక్కేటప్పుడు యాక్సిలేటరు బాగా తొక్కాలి. పైకి చేరగానే ఆమె కాలు తీసింది. ఇంజను మాత్రం తీసినట్టు లేదు, అదే గోల. కిందికి చూస్తే పెడలు నేలకు అతుక్కునే ఉంది. బొటనవేలు దాని కిందికి దూర్చి పైకి లాగితే టక్కున లేచింది. పాత బండి, దానికీ ఒక నొప్పి ఉంటుందిలే అనుకుంది. నాలుగు రోజులకు మళ్లీ. ఆ వారంలోనే మూడోసారి. ఇక లాభం లేదని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లింది.

మేస్త్రీని అందరూ చెవుల మేస్త్రీ అంటారు. చెవులు పెద్దవని కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, రెండో కొన తన చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. మాట తక్కువ. ఎవరి బండి ఎక్కినా సీటు మీద పాత పేపరు పరుచుకునిగాని కూర్చోడు. తన బట్టల మురికి వాళ్ల సీటుకు అంటకూడదని.

మొదటిసారి పెడలు కింద తివాచీ ముక్క తీసి చూశాడు. దాని మడతబందులో తుప్పు గీకి నూనె వేశాడు. వారం తిరక్కుండా మళ్లీ ఇరుక్కుంది. రెండోసారి వెనక ఇంజను మూత ఎత్తాడు. పెడలు నుంచి ఒక తీగ సన్నని గొట్టంలోంచి వ్యాను పొడవునా నేల కిందుగా వెనక్కి వెళ్తుంది. కాలు తొక్కితే తీగ లాగుతుంది, కాలు తీస్తే ఇంజను దగ్గరున్న స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఆ స్ప్రింగు మార్చాడు. కార్బురేటరు మీద ఆ తీగ తిప్పే ఇరుసు పెట్రోలుతో మెరిసేదాకా కడిగాడు. తనే తోలి చూశాడు, పెడలు పూవులా లేచింది. ఆ సోమవారం మళ్లీ ఇరుక్కుంది.

మూడోసారి ఆయన పనిముట్లు తీయకుండా పీట మీద కూర్చున్నాడు. "అక్కా, ఇది ఎప్పుడు ఇరుక్కుంటోంది?"

"పొద్దున్నే. పనికి పోయేటప్పుడు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారీ కాలేదు."

"వాన చలికి లోపల గ్రీజు గడ్డకడుతోందేమో" అని వ్యానును రాత్రి తన దగ్గరే ఉంచుకున్నాడు. తెల్లవారుజామున స్వెట్టరు వేసుకుని ఎత్తు మీదికి మూడుసార్లు తోలాడు. మూడుసార్లూ పెడలు చెప్పినట్టు విన్నది.

"నా చేతిలో పెళ్లిచూపుల పిల్లలా తలొంచుకుని కూర్చుంటోందక్కా. మీ ఇంటికొచ్చాక చూపిస్తోంది అసలు బుద్ధి" అన్నాడు. నవ్వుతూ అన్నా ఆ ముఖంలో నవ్వు లేదు. "నాకు ఏమీ దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు. జాగ్రత్తగా తోలండి."

జాగ్రత్తగానే తోలింది. అయినా ఆ మరుసటి బుధవారం జరగకూడనిది జరగబోయింది.

బుధవారం ఆమె వృద్ధుల వసతిగృహానికి వెళ్తుంది. గేటు దాకా ఎత్తు రోడ్డు. గేటు దాటగానే కాలు తీసింది. వ్యాను ఆగలేదు. బొటనవేలు దూర్చేంత వ్యవధి లేదు. బ్రేకు మీద నిలబడి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది గానీ అప్పటికే వ్యాను ముక్కు గోడవారనున్న చెక్క బెంచీకి కొట్టుకుని దాన్ని రెండు ముక్కలు చేసింది. రోజూ ఆ వేళకు ఆ బెంచీ మీద ఒక పెద్దాయన ఎండ కాచుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు కళ్లజోడు మరిచి, తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. "నన్ను లేపినవాడు పైన ఉన్నాడమ్మా, నువ్వు ఏడవకు" అని ఆయనే వచ్చి ఆమె భుజం తట్టాడు. కాపలాదారు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరో ఒకరు మాత్రం, అదీ జాలితోనే, మెల్లగా అన్నారు: "కాలు తడబడిందేమో పాపం. వయసు."

ఆ మాట ఆమె చెవిలో ముల్లులా దిగబడింది.

అయినా ఆ రోజు నీళ్లయిపోయేదాకా అందరికీ తలలు కడిగింది. సాయంత్రం కాపలాదారు తనే వ్యాను తోలి ఇంటికి తెచ్చిపెట్టాడు. "దారిలో ఒక్కచోట కూడా ఇరుక్కోలేదమ్మా, భయపడకండి" అన్నాడు ఆ మంచివాడు. ఆమెకు ఓదార్పు కావాలని అన్నాడు. అదే ఆమెను నిలువునా కూల్చింది. మేస్త్రీ తోలితే ఇరుక్కోదు, కాపలాదారు తోలితే ఇరుక్కోదు. తను తోలితేనే ఇరుక్కుంటుంది. మరి తప్పెవరిది?

తాళంచెవి కూతురి చేతిలో పెట్టింది. "తప్పు బండిదో నా కాలిదో తేలేదాకా నేను ముట్టను."

"తేలక్కర్లేదమ్మా, అమ్మేద్దాం" అంది కూతురు. "నీ కాలికీ అరవయ్యేళ్లు వచ్చాయి, ఆ బండికీ నలభై దాటాయి. ఇద్దర్నీ కలిపి రోడ్డు మీద వదలడం నా వల్ల కాదు. ఆ పెద్దాయన లోపలికి వెళ్లకపోయుంటే?"

"నెలాఖరు దాకా ఆగవే" అన్నాడు తండ్రి.

"నెలాఖరే నాన్నా. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

కూతురు కోపంగానే అంది. కానీ మర్నాడు పొద్దున్నే రెండు పెద్ద ఫ్లాస్కుల్లో వేడినీళ్లు పోసుకుని, తల్లి రబ్బరు పళ్లెం సంచిలో వేసుకుని బస్సెక్కింది. తలంటక్క దగ్గర వారం వారం తల కడిగించుకునేవాళ్లలో మంచం పట్టిన పంతులమ్మ ఒకావిడ ఉంది. ఒంటరిది. ఎవరూ రాకపోతే ఆవిడ తల అలాగే ఉండిపోతుంది. మిగతావాళ్ల దగ్గరికి వెళ్లడం కూతురి వల్ల కాలేదు, ఆ ఒక్క ఇంటికి మాత్రం ఉద్యోగానికి పోయే ముందు వెళ్లొచ్చేది. భర్త మోకాళ్లు నొక్కుకుంటూ వసతిగృహానికి కొత్త బెంచీ చేసి పంపాడు, పాతదాని కన్నా జానెడు వెడల్పుగా.

తలంటక్కకు మాత్రం ఇంట్లో కాలూ చేయీ ఆడలేదు. ఒక మధ్యాహ్నం భర్త వంటగదిలోకి తొంగిచూస్తే, ఆవిడ స్టూలు మీద కూర్చుని, ఎదర బియ్యం డబ్బాకు చెక్కముక్క ఒకటి వాలుగా ఆనించి, దాన్ని కుడికాలితో తొక్కుతోంది, తీస్తోంది.

"ఏమే, బియ్యం మీదికి బండి తోలుతున్నావా? ఎదర డబ్బా ఉంది, హారను కొట్టు."

ఆవిడ నవ్వలేదు. "ఏమండీ, ఆ రోజు నేను కాలు నిజంగా తీశానా? తీశాననే గుర్తు. కానీ తలుచుకునే కొద్దీ ఆ గుర్తు కూడా చెరిగిపోతోంది. నా కాలు నాకు అబద్ధం చెప్పిందేమో."

ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఆవిడ పాదం తన ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా ఒత్తాడు. "ముప్పై అయిదేళ్ల నుంచి చూస్తున్నా ఈ కాలిని. నా మీద కోపమొస్తే నేల తన్నడమే తప్ప దీనికి అబద్ధాలు తెలీవు" అన్నాడు.

ఆ రాత్రి ఆమె ప్రార్థన చిన్నది. తప్పు నాదైతే నాకు చెప్పు తండ్రీ, ఒప్పుకుంటాను. బండిదైతే వాళ్లకు చూపించు.

నెలాఖరు ఇంకా వారం ఉందనగా చెవుల మేస్త్రీ కబురు పెట్టాడు. బావగారికి మోకాళ్ల నొప్పులు, అక్క తాళం ముట్టదు, కాబట్టి తనే శనివారం పొద్దున వచ్చి ఇంటి దగ్గరే చూస్తానని. ఇక శుక్రవారం ఇంట్లో హడావిడి చూడాలి. తలంటక్క వ్యానులో డబ్బాలు దింపింది, తువ్వాళ్ల కట్టలు దింపింది, కుర్చీ తోలు తుడిచింది, నేల తోమింది. మూడు వారాలుగా వాడని తొట్టిలో నిలవ వాసన వస్తోందని అంచుల దాకా నీళ్లు నింపి, సున్నిపిండిలా మెత్తటి సోడాపొడి వేసి కాసేపు నాననిచ్చింది. ఇక అడుగు మూత తీసి నీళ్లు వదిలేద్దామని గొట్టం అందుకుంటుండగా, గేటు దగ్గర దగ్గు వినిపించింది. చెవుల మేస్త్రీ, చేతిలో సంచితో.

"ఈ పక్క వీధిలో పని తొందరగా అయిపోయిందక్కా. రేపటిదాకా ఎందుకులే అని."

"అయ్యో, ఇవాళే వచ్చేశారా! ఒక్క పది నిమిషాలు కూర్చోండి. ఈ నీళ్లు వదిలేస్తా. ఇంకా బయట కడగనే లేదు, ఇలాంటి బండి మీకెలా చూపించను?"

"నీళ్లు ఎందుకు వదలడం?"

"మీరు కింద పడుకుని చూస్తారు కదా, చుక్కలు కారి మీ మీద పడవూ? ఎప్పుడూ వదిలేసే కదా తెస్తాను."

మేస్త్రీ సంచి నేల మీద పెట్టాడు. "ఎప్పుడూ అంటే?"

"మీ దగ్గరికి తెచ్చిన ప్రతిసారీనూ. తొట్టి ఖాళీ చేసి, సామాన్లన్నీ దింపి, లోపలా బయటా కడిగి తెచ్చాను. మరి? మా అమ్మ మాటు వేయించడానికిచ్చే చిల్లుగిన్నె కూడా తోమి ఇచ్చేది. బాగుచేసేవాడి చేతికి మురికి వస్తువు ఇస్తే వాడి పనిని చిన్నబుచ్చినట్టే అనేది."

మేస్త్రీ నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు.

"అక్కా! డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు జ్వరం తగ్గించుకుని వెళ్తారా ఎవరైనా?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన వేళ్ల మీద చెప్పాడు. "పొద్దున పనికి పోయేటప్పుడు తొట్టి నిండుగా ఉంటుందా? ఉంటుంది. ఇరుక్కుంటుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు? ఖాళీ. ఇరుక్కోదు. నా దగ్గరికి ఖాళీ. ఆ కాపలాదారు తోలినప్పుడూ ఖాళీయే. నేనేమో చలి చలి అని తెల్లవారుజామున వణుక్కుంటూ తిరిగాను. అది చలి కాదు, బరువు. ఎనభై లీటర్లంటే ఒక మనిషి, అక్కా. ఆ మనిషిని దింపేసి, బండికి ఏం జబ్బో చెప్పమంటున్నారు మీరు!"

వరండాలో కూర్చున్న భర్త లేచి నిలబడ్డాడు. అప్పుడే పంతులమ్మ ఇంటి నుంచి వచ్చిన కూతురు ఖాళీ ఫ్లాస్కులు పట్టుకునే గేటు దగ్గర ఆగిపోయింది.

"ఎక్కండి. పెడలు పూర్తిగా తొక్కి వదలండి."

"నేను తాళం ముట్టనని మాటిచ్చాను."

"తాళం వద్దు. ఇంజను ఆపే ఉంది. కాలు మాత్రం పెట్టండి."

ఆమె ఎక్కి కూర్చుంది. పెదవులు కదిలాయి. కాలు పెట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కినట్టు చివరంటా తొక్కింది. తర్వాత కాలిని పెడలు మీంచి తీసి, గాలిలోకి ఎత్తి, అందరికీ కనపడేలా అలాగే పట్టుకుంది.

పెడలు లేవలేదు. నేలకు అతుక్కుని ఉంది.

"ఇరుక్కుంది!" అని అరిచింది తలంటక్క. "ఏమండీ, ఇరుక్కుందండీ! అమ్మాయ్, చూడవే, నా కాలు పైనే ఉంది, అది కిందే ఉంది!"

బండి పాడైందని అంత సంబరపడ్డ మనిషిని ఆ వీధి అంతకుముందు చూసి ఉండదు. కూతురు ఫ్లాస్కులు నేల మీద పెట్టి, తలుపులోంచి వంగి తల్లి కాలినీ, పెడల్నీ చూసింది. గాలిలో ఉన్న తల్లి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

మేస్త్రీ పాత పేపరు పరుచుకుని టార్చి పట్టుకుని వ్యాను కిందికి దూరాడు. ఒక నిమిషం తర్వాత లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఎవరైనా రండి. బావా, మీరు కాదు, మీ మోకాళ్లతో మళ్లీ మిమ్మల్ని బయటికి లాగడానికి క్రేను కావాలి." కూతురు చున్నీ నడుముకు చుట్టుకుని పక్కన దూరింది. తొట్టి కింది చెక్కను పట్టి ఉంచడానికి నాలుగు పొడుగాటి బోల్టులు నేలను చీల్చుకుని కిందికి వచ్చి ఉన్నాయి. తొట్టి నిండగానే ఆ బరువుకు నేలరేకు వంగి, వాటిలో ఒక బోల్టు తోక సరిగ్గా తీగ గొట్టం మీద కూర్చుంటోంది. గొట్టం ఆ చోట నొక్కుకుపోయి, అద్దంలా మెరుస్తోంది. కాస్త తొక్కితే ఫరవాలేదు. చివరంటా తొక్కితే లోపలి తీగ ఆ నొక్కు దగ్గర పట్టేసుకుంటుంది.

"ఇప్పుడు వదలండి బావా నీళ్లు" అన్నాడు మేస్త్రీ.

భర్త మూత తీశాడు. నీళ్లు వీధి కాలువలోకి బుడబుడమని పోతున్నాయి. అందరూ పెడలు వైపే చూస్తున్నారు. తొట్టి సగం దిగిందో లేదో, ఎవరూ ముట్టకుండానే పెడలు టప్పున లేచి నిలబడింది. కింద నుంచి కూతురు, "నాన్నా, సందు వచ్చింది! వేలు పడుతోంది!" అని కేకేసింది.

వడ్రంగి చేతిలో మూత అలాగే ఉంది. "ఆ బోల్టులు బిగించింది నేనే కదూ" అన్నాడు. "మా ఆవిడ నడుము చూశాను గానీ, బండి నడుము చూడలేదు." రెండో చేయి కొత్త చెక్క మీద ఆనించాడు. "ఆ పెద్దాయనకు ఏమైనా అయ్యుంటే..."

తలంటక్క కిందికి దిగి వచ్చి ఆయన చేతిలోంచి మూత తీసుకుంది. "కాలేదు కదండీ. దేవుడు ఆయన కళ్లజోడు మరపించాడు. మీరేమో నేను బిందెలు మొయ్యకూడదని చేశారు. నేనేమో ఈయన మీద నీళ్లు పడకూడదని ఖాళీ చేశాను. అందరం మంచికే చేసి బండి గొంతు పట్టుకున్నాం."

"మీరిద్దరూ తప్పు పంచుకుంటే నాకేం మిగల్లేదు" అన్నాడు మేస్త్రీ బట్టలు దులుపుకుంటూ. "నా తప్పు నాకుంది బావా. ఇంజను మాట చెవి పెట్టి విన్నాను గానీ, అక్క రోజూ ఈ బండిలో ఏం మోస్తుందో అడగలేదు. అడగాల్సింది మొదటి రోజే."

మూడు రోజులు పట్టింది. మేస్త్రీ బోల్టుల తోకలు కోసేశాడు. నేల కింద అడ్డంగా రెండు ఇనుప పట్టీలు వేసి తొట్టి బరువు వాటి మీద పడేలా చేశాడు. తీగ, గొట్టం కొత్తవి వేసి, బోల్టులకు జానెడు దూరంగా పక్కకు జరిపాడు. పైన చెక్క పని వడ్రంగిదే. ఇద్దరూ ఒకరి కొలత ఒకరు రెండుసార్లు చూసుకుని, "బావా, మళ్లీ కొలవండి" "నువ్వే కొలువయ్యా, నా కంటి మీద నాకే నమ్మకం లేదు" అని ఎకసెక్కాలాడుకున్నారు. తలంటక్క వాళ్లకు పూటపూటకూ టీ అందిస్తూ, ఇంతమంది ఇంత ఓపిక తన కాలి కోసం ఖర్చుపెడుతున్నారే అని లోలోపల దండాలు పెట్టుకుంది.

మంగళవారం పొద్దున తొట్టి అంచుల దాకా నింపారు. డబ్బాలు, తువ్వాళ్లు, కుర్చీ, ఏదీ దింపనివ్వలేదు మేస్త్రీ. "రోజూ ఎలా పోతారో అలాగే. దుమ్ము కూడా తుడవద్దు" అన్నాడు. కూతురు హ్యాండుబ్యాగులోంచి తాళంచెవి తీసి తల్లి అరచేతిలో పెట్టి, చేయి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"నేనూ ఎక్కుతా" అంది.

"ఉద్యోగం?"

"సెలవు పెట్టా."

మేస్త్రీ పక్క సీటులో పేపరు పరుచుకున్నాడు. కూతురు వెనక తలంటు కుర్చీలో కూర్చుంది. వ్యాను పెద్ద ఎత్తు మొదట్లో ఆగింది. తలంటక్క అరచేతులు కొంగుకు తుడుచుకుని స్టీరింగు పట్టుకుంది. "చివరంటా తొక్కండి, భయం లేదు. ఆగకపోతే తాళం నేను తిప్పుతా" అని మేస్త్రీ చేయి తాళం దగ్గరే ఉంచాడు. ఆమె తొక్కింది. వ్యాను నిండుచూలాలిలా మూలుగుతూ ఎక్కింది, వెనక తొట్టిలో నీళ్లు గుబగుబలాడాయి. పైకి చేరాక కాలు తీసింది.

ఇంజను మెత్తగా దిగిపోయింది, పాలపొంగు మీద నీళ్లు చిలకరించినట్టు.

"ఇంకోసారి" అన్నాడు మేస్త్రీ. అయిదుసార్లు ఎక్కారు, అయిదుసార్లు దిగారు. అయిదోసారి మేస్త్రీ చేయి తాళం దగ్గర లేదు, ఒళ్లో ఉంది. కాసేపటికి, "నన్ను ఇక్కడ దింపేయండక్కా, ఇక నాకేం పని?" అని దిగిపోయాడు. తలుపు వేసే ముందు, తన పేపరు తనే మడిచి తీసుకెళ్లాడు.

తలంటక్క అక్కడే రోడ్డు పక్కన కొంతసేపు వ్యాను ఆపుకుని కూర్చుంది. కన్నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. ఆమెకు ఆ క్షణాన తన కాలి మీద నమ్మకం వచ్చిన సంతోషం కన్నా, తను నమ్మకం పోగొట్టుకున్న రోజుల్లో దాన్ని ఇంతమంది తలా ఒక చేయి వేసి మోశారన్న మాటే పెద్దదిగా తోచింది.

"అమ్మా, ఇంటికా?" అంది వెనక నుంచి కూతురు.

"తొట్టెడు నీళ్లు పెట్టుకుని ఇంటికెందుకే? పొయ్యి వెలిగించు."

పంతులమ్మ ఇంటి కిటికీలోంచి గొట్టం లోపలికి పాకింది. మంచం మీద పంతులమ్మ తల తిప్పి, తల్లీకూతుళ్లను మార్చి మార్చి చూసింది.

"వచ్చావా? బతికించావు. మీ అమ్మాయి బంగారం, నేను కాదనను. బస్సులో ఊగుకుంటూ నీళ్లు తెచ్చింది. కానీ దానికి చెవుల వెనక చేయడం రాదమ్మా. మూడు వారాల నుంచి నా చెవుల వెనక దురద నా మానాన నేను ఓర్చుకుంటున్నాను. చిన్నపిల్ల, నొచ్చుకుంటుందని చెప్పలేదు."

కూతురు ముఖం ఎర్రబడింది, మరుక్షణం పకపకా నవ్వింది. "చెప్పొచ్చు కదా టీచరుగారూ! మార్కులు ముందే వేసేసుంటే దిద్దుకునేదాన్ని."

"ఇలా రా" అని తల్లి పిలిచింది. "ఇదిగో, వేళ్లు ఇలా వంచి, గోళ్లు తగలకుండా. ఆవిడ తల బరువు నీ ఎడమ చేతి మీద ఉండాలి. ఊఁ. ఇప్పుడు చెయ్యి."

కూతురు చేసింది. పంతులమ్మ కళ్లు మూతలు పడ్డాయి. కాసేపు గదిలో నీళ్ల చప్పుడే.

"రేపు బుధవారం కదా, వసతిగృహం" అంది కూతురు తల ఎత్తకుండానే. "ఎన్నింటికి బయల్దేరతావు?"

"ఎనిమిదింటికి."

"తొట్టి ఏడున్నరకే నింపి ఉంచుతాలే."